వలందుల వంశావళులందు పితృనామ వ్యవహారము - అపత్యార్థక ప్రక్రియతో తులనము

మచిలీపట్టణమున వలందపాలెమను పేట నేటికిని ఆ పేరుతోనే వ్యవహరింపబడుచున్నది. హాలెండు దేశీయులను తెలుగువారు వలందులనిరి. 1605వ సంవత్సరమున వారి నౌక మచిలీపట్టణమునకు వచ్చినది మొదలు, 1825లో తమ కోరమాండల్ స్థావరములను ఆంగ్లేయులకు అప్పగించి పోవువఱకు, వారు ఇన్నూఱేండ్లకు పైగా ఈ తీరమున నుండిరి. భీమునిపట్టణము, పాలకొల్లు, నరసాపురము, జగన్నాథపురము మున్నగు తావుల వారి వర్తకశాల లుండెను. మచిలీపట్టణమునను భీమునిపట్టణమునను వారి సమాధులపై శిలాఫలకము లున్నవి. వానిని 1897లో అలెగ్జాండర్ రీ పురావస్తు దృష్టితో వర్ణించెను. అంతకు రెండువందల సంవత్సరములకు మున్నే, 1693లో, ఈ తీరమున ఉద్యోగము చేసిపోయిన డేనియల్ హవార్ట్ తన కోరమాండల్ చరిత్రను ఆమ్‌స్టర్‌డాములో ప్రకటించెను.

ఇట్టి ఫలకములను, ఆ కంపెనీ దస్తావేజులను చదువబూనిన వారికి మొదట తగులు చిక్కు భాషది కాదు, పేరులది. యాన్ పీటర్స్‌జోన్ అని యొకచోట నుండును. ఇందు రెండవ పదమును ఇంటిపేరుగా గ్రహించి, పీటర్స్‌జోన్ అను వంశమున్నదని తలచి, ఆ పేరుగల వారినందఱను ఒకే శాఖయందు చేర్చుట మన పుస్తకములందును పరదేశీయుల పుస్తకములందును కనబడు పొరపాటు. అది ఇంటిపేరు కాదు, తండ్రిపేరు. ఆ యాన్ కుమారుడు పీటర్ అయినచో వాడు పీటర్ యాన్స్‌జోన్ అగును. తండ్రికొడుకుల పేర్లలో సమానమైన ఉత్తరభాగమే యుండదు. ఇంటిపేరు మాఱినదని దీనిని వేఱు వంశముగా లెక్కించిన వాడు తండ్రినుండి కొడుకును విడదీసినవాడగును. పేరు కలిసినదని ఇద్దఱు యాన్స్‌జోన్లను ఒక వంశముగా లెక్కించిన వాడు లేని బంధుత్వమును కల్పించినవాడగును. ఈ రెండు దోషములను వారించుటకు పాణినీయుల అపత్యాధికారము వంటి సాధనము మఱియొకటి లేదు.

పదస్వరూపమును ముందుగా విచారింపవలెను. యాన్ అను నామమునకు షష్ఠీవిభక్తి చిహ్నమైన సకారము చేరి, దానిపై పుత్రవాచకమైన జోన్ శబ్దము నిలిచినది. యాన్ యొక్క కుమారుడని విగ్రహము. సమాసమందు విభక్తి లోపింపక నిలిచినది గావున ఇది మనవారు చెప్పు అలుక్సమాసము వంటిది, తద్ధితము కాదు. దాశరథి యను శబ్దమందు పుత్రార్థమును ప్రత్యయము తెలుపుచున్నది. యాన్స్‌జోన్ శబ్దమందు స్వతంత్ర పదమే తెలుపుచున్నది. కుమార్తెకు దొఖ్తర్ అను పదము చేరును: యాన్స్‌దొఖ్తర్. జోన్ శబ్దము మన సూను శబ్దమునకును, దొఖ్తర్ శబ్దము దుహితృ శబ్దమునకును సోదరములు. ఒకదానినుండి మఱియొకటి పుట్టినదని చెప్పరాదు, రెండును ప్రాచీనమైన ఒకే మూలమునుండి వచ్చినవని భాషాశాస్త్రజ్ఞుల సిద్ధాంతము. నామ శబ్దమును వారి భాషలో దాదాపుగా మనవలెనే పలుకుదురు.

వాడుకలో ఈ సమాసము అరుగుదలకు లోనైనది. వ్రాయసకాండ్రు జోన్ అను దానిని పూర్తిగా వ్రాయక దాని తొలి యక్షరమును మాత్రము వ్రాసి చుక్క పెట్టిరి. కుమార్తె విషయమునను అట్లే రెండక్షరములు మిగిలినవి. ఆ చుక్కను విడిచి ముద్రించిన గ్రంథములవలన యాన్స్ అనునది వేఱొక పేరని చదువరులు భ్రమపడిరి. ఉచ్చారణమందు జోన్ శబ్దము సెన్ అనియు, సె అనియు క్షీణించి యాన్సెన్, పీటర్సె మొదలగు రూపము లేర్పడెను. కొన్నితావుల ఉత్తరపదము పూర్తిగా లోపించి సకారమే శేషించెను: హెండ్రిక్స్, పీటర్స్, బారెంట్స్. సత్యభామను సత్య యనియు భామ యనియు పిలుచుటలోని పదలోపము మనవారికి తెలిసినదే. 16వ శతాబ్దాంతమున ఉత్తర ధ్రువసముద్రమున చనిపోయిన విల్లెమ్ బారెంట్స్ పేర నొక సముద్రము భూగోళ పటములందున్నది. బారెంట్స్ అనగా బారెంట్ కుమారుడని మాత్రమే యర్థము. ఆ నావికుని పేరు విల్లెమ్. సముద్రమునకు నిలిచినది ఆతని తండ్రి పేరు.

ఇక అర్థవిచారము. పాణిని అష్టాధ్యాయి నాలుగవ అధ్యాయమున అపత్యమును మూడు విధములుగా విభజించెను. సాక్షాత్సంతానము అనంతరాపత్యము, గర్గుని కొడుకు గార్గి. పౌత్రుడు మొదలుకొని తరువాతి సంతానమెల్ల గోత్రము. గర్గుని మనుమడును, వాని తరువాతివారును గార్గ్యులు. వంశమున పెద్దలు జీవించియుండగా మునిమనుమడు మొదలగువాడు యువసంజ్ఞ పొందును, వాడు గార్గ్యాయణుడు. గోత్రార్థమున ఒకే ప్రత్యయము రావలెను గాని తరమునకొక ప్రత్యయము చేరుచు పోరాదని నియమము. ఎన్ని తరములు గడచినను గార్గ్యుడు గార్గ్యుడే.

ఈ విభాగమును వలందుల నామములకు అన్వయించి చూచినచో చిక్కు విడిపోవును. 17వ శతాబ్దమందలి యాన్స్‌జోన్ అనంతరాపత్య వాచకము, గార్గి వంటిది. అది ఒక తరముతో నశించును. 19వ శతాబ్దమందలి యాన్సెన్ గోత్రవాచకము వంటిది. ఎన్ని తరములైనను మాఱదు. రూప మొకటే, ధర్మము వేఱు. మొదటిది యౌగికము, అవయవార్థమును బట్టి సత్యమో అసత్యమో యగును, తండ్రి యాన్ కానిచో ఆ పదము చెల్లదు. రెండవది రూఢము; తండ్రి పేరేదైనను చెల్లును. నేడు యాన్సెన్ అను పేరు నెదర్లాండ్సు దేశమున మిక్కిలి ప్రచారముగల ఇంటిపేరులలో నొకటి. ఆ కుటుంబములకెల్ల మూలపురుషుడు ఒక యాన్ కాడు. ఒకరినొకరు ఎఱుగని వేలకొలది యాన్లు. గార్గ్యులకు గర్గుడొక్కడే. గోత్రసామ్యము ఇచ్చట ఆగిపోవును. దీనిని మఱచి ఉపమానమును చివరివఱకు లాగరాదు.

యౌగికము రూఢముగా మాఱినది ఎప్పుడు? దీనికి అందఱును చెప్పు సమాధానము నెపోలియనుని పేరు. 1810లో హాలెండు ఫ్రెంచి సామ్రాజ్యమున విలీనమైనది. 1811 ఆగస్టు 18వ తేదీ శాసనము ద్వారా, వంశనామము లేనివారెల్లరు ఒక పేరును ఎన్నుకొని గ్రామాధికారి యెదుట నమోదు చేయించుకొనవలెనని చక్రవర్తి ఆజ్ఞాపించెను. గడువు పొడిగింపబడెను. అప్పటికిని నమోదు కానివారికై 1825లో మొదటి విల్లెమ్ రాజు మఱల శాసనము చేసెను. వారు కోరమాండల్ తీరమును విడిచిన సంవత్సరమును అదియే. అయితే అంతకు మున్ను ఆ దేశమున ఇంటిపేరులే లేవనుట సరికాదు. పశ్చిమభాగమందలి నగరములలో 16, 17 శతాబ్దములకే వంశనామములు స్థిరపడినవి. ఫ్రీస్లాండు, గ్రోనింగెన్, డ్రెంతె మొదలగు ఉత్తర మండలములందును తూర్పు పల్లెలయందును యూదులలోను తండ్రిపేరుతోడి వ్యవహారము నిలిచియుండెను. శాసనము ముఖ్యముగా వారినే తాకెను.

ఈ శాసనమును పరిహసించుటకు జనులు వెకిలి పేరులు వ్రాయించుకొనిరనియు, తరువాత అవి వారి మెడకు చుట్టుకొన్నవనియు ఆ దేశమున నొక కథ కలదు. దిగంబరముగా పుట్టినవాడని యర్థము తోచు నాక్ట్‌గెబోరెన్ అను ఇంటిపేరును నిదర్శనముగా చూపుదురు. కాని ఆ పేరు 1811 కంటె ప్రాచీనము. తండ్రి మరణించిన తరువాత పుట్టినవాడను అర్థముగల పదము నోట నలిగి ఈ రూపమును పొందినదని నామశాస్త్రజ్ఞులు సమాధానము చెప్పుదురు. ఊరిపేరులకు కథలల్లి వ్యుత్పత్తులు చెప్పు వేడుక తెలుగునాట మాత్రమే గలదని యెవరైన అనుకొన్నచో ఇది చూచి ఊరట చెందవచ్చును.

1811 నాటి నమోదు పుస్తకములందు పరిశోధకునకు పనికివచ్చు విశేషమొకటి యున్నది. ఇంటి పెద్ద తాను గ్రహించిన పేరుతోపాటు తన కొడుకులు, కుమార్తెలు, కొడుకుల బిడ్డలు ఎవరెవరో, వారి వయస్సులెంతో, ఎచట నున్నారో చెప్పి వ్రాయించెను. మూడు తరములు ఒకే పత్రమునకెక్కినవి. తండ్రి లేని అన్నదమ్ములు వేర్వేఱు గ్రామములందున్నచో ఒకడొక పేరును మఱియొకడొక పేరును గ్రహించుటయు జరిగెను. ఏకోదరులు రెండు ఇంటిపేరులవారైరి. ఆనాటినుండి పేరును మాత్రము పట్టుకొని వెనుకకు నడచువాడు వారిని ఎన్నటికిని కలుపజాలడు. తండ్రిపేరునుబట్టి నడచువాడు కలుపగలడు; ఏలయన ఫ్రీస్లాండు మొదలగు చోట్ల క్రొత్త ఇంటిపేరు వచ్చిన పిదపను జనులు పాత పితృనామమును నడుమ నిలుపుకొనిరి. యెల్లె పీటర్స్ ద ఫ్రీస్ అను విధమైన పేరున యెల్లె స్వనామము, పీటర్స్ తండ్రిపేరు, ద ఫ్రీస్ ఇంటిపేరు. నామ, అనంతరాపత్య, వంశములు మూడును వేఱువేఱుగా ఒకచోట నిలుచుట ఇందు కనబడును.

ఇంటిపేరులలో ఫాన్ అను నిపాతముతో మొదలగునవి అనేకములు. దానికి పంచమీవిభక్త్యర్థము: ఫలానా చోటినుండి వచ్చినవాడని. పాణినీయులు నివాసమునకును అభిజనమునకును భేదము చెప్పిరి. తానిపుడున్న చోటు నివాసము. తన పూర్వులున్న చోటు అభిజనము. ఫాన్ శబ్దముతోడి పేరు సామాన్యముగా అభిజనమును తెలుపును. ఒక ఊరిలో నుండగా ఎవ్వనికిని ఆ ఊరిపేరు గుర్తుగా పనికిరాదు, అందఱిదియు అదియే గదా. ఊరు విడిచిన పిదపనే అది పేరగును. తెలుగువారి ఇంటిపేరులలో గ్రామనామములు ఏర్పడిన తీరును ఇదియే. అకారాది సూచికలందు ఆ దేశీయులు ఫాన్ అను దానిని గణింపక తరువాతి పదమును బట్టి అమర్తురు. పొరుగున బెల్జియమువారు ఫాన్ నుండియే అమర్తురు. సూచికలో పేరు కనబడలేదని పుస్తకమును మూసివేయుటకు ముందు ఈ భేదమును తలపవలెను.

తూర్పు మండలముల ఆచారము వేఱు. అచ్చట పేరు మనుష్యునిది కాదు, క్షేత్రముది. పొలమును దానిలోని ఇంటిని కలిపి ఒక పేరుండును. అందు కాపురమున్నవాడు ఆ పేరు వహించును. ఆ యింటి ఆడుబిడ్డను పెండ్లాడి వచ్చిన అల్లుడును తన పేరు విడిచి ఆ క్షేత్రము పేరివాడగును. మన యిల్లరికమున అల్లుడు అత్తవారియింట నున్నను గోత్రమును ఇంటిపేరును మాఱవు, దత్తుడైననే మాఱును. అచ్చట నేల మాఱినచో పేరు మాఱును. కౌలుదారు ఒక క్షేత్రమును విడిచి మఱియొకదానికి పోయినచో ఒకే తండ్రిబిడ్డలలో పెద్దవాడొక పేరున, చిన్నవాడొక పేరున జ్ఞానస్నాన పుస్తకమునకు ఎక్కుట కలదు.

ఇచ్చట ఆ పుస్తకములను గూర్చి కొంత చెప్పవలెను. కాథలిక్కుల విషయమున 1563లో ట్రెంటు మహాసభయు, సంస్కృత మతస్థుల విషయమున 1618-19 నాటి డోర్ట్‌రెఖ్ట్ సభయు జ్ఞానస్నాన వివాహాదులను వ్రాసియుంచవలెనని విధించెను. 1811 నుండి ఆ పని ప్రభుత్వమునకు వచ్చెను. దక్షిణమున కొన్ని ప్రాంతములందు 1796 నుండియే. కాథలిక్కు గురువులు పేరులను లాటిను భాషలోనికి మార్చి వ్రాసిరి. ఇంట యాన్ అని పిలువబడువాడు పుస్తకమున యోహన్నెస్. దిర్క్ అనువాడు థియోదోరుస్. మనవైపు ఎల్లయ్య శాసనమున వేఱొక సంస్కృత నామముతో కనబడుట వంటిదే. పండితులు తమ పేరులను తామే లాటినీకరించుకొనిరి. ప్రళయకావేరి రేవున, అనగా పులికాట్టున, మతగురువుగా నుండి, పద్మనాభుడను బ్రాహ్మణునివలన విని, భర్తృహరి సుభాషితములను డచ్చి భాషలోనికి తెచ్చిన అబ్రహాం రోజర్, గ్రంథమున రోజెరియుస్ అయ్యెను. 1651లో లైడెన్ నగరమున వెలువడిన ఆ గ్రంథము ద్వారానే భర్తృహరి ఐరోపా వాసులకు మొదట పరిచితుడయ్యెను.

వివాహమైన స్త్రీ విషయమున ఆ దేశపు దస్తావేజులు పరిశోధకునకు మేలుచేసినవి. వ్యవహారమున భర్తపేరుతో పిలిచినను, పత్రములందు ఆమె పుట్టింటి పేరుతోనే యుండును. మరణపత్రమున సైతము ఆమె యాన్స్‌దొఖ్తరే. ఇట్లు తండ్రియు మాతామహుడును తెలియవచ్చుచున్నారు. మన సంప్రదాయమునను జానకి, ద్రౌపది, దాక్షి అను శబ్దములు పుట్టింటివే. తల్లిపేరుతో కొడుకును నిర్దేశించుట ఆంధ్ర రాజులయందు ప్రసిద్ధము; గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి శాసనములవలన తెలిసినవారే. నాగార్జునకొండ ఇక్ష్వాకులలో మాఠరీపుత్ర వీరపురుషదత్తుడును అట్టివాడే. అయితే గౌతమి, వాసిష్ఠి, మాఠరి అనునవి స్వయముగా గోత్రశబ్దములు. తల్లి ఏ గోత్రమున పుట్టినదో చెప్పునవి. వలందుల పితృనామము వ్యక్తిని చెప్పును. రెండింటిని ఒకటిగా చూడరాదు.

బిడ్డలకు పేరుపెట్టు విధానమే ఈ వ్యవహారమునకు ప్రాణము. మొదటి కుమారునికి పితామహుని పేరు, రెండవవానికి మాతామహుని పేరు. మొదటి కుమార్తెకు మాతామహి పేరు, రెండవ దానికి పితామహి పేరు. ప్రాంతమును బట్టి వరుస మాఱవచ్చును గాని నలుగురు పెద్దలకు పేరు దక్కవలెననుట సాధారణ ధర్మము. మహాభాష్యము పస్పశాహ్నికమున పతంజలి, యాజ్ఞికుల మతముగా, శిశువునకు పెట్టు నామము మూడు తరముల పూర్వులను అనుసరింపవలెనని చెప్పెను. అది కృదంతముగా నుండవలెను, తద్ధితాంతము కారాదనియు, ఆదివృద్ధి గలది కారాదనియు నియమించెను. ఈ నిషేధమునందలి ఔచిత్యము వలందుల పుస్తకములు చూచిన వారికి బాగుగా గోచరించును. తద్ధితము మఱియొకనిని చెప్పి వాని ద్వారా వీనిని చెప్పును. స్వనామము వీనినే చెప్పవలెను. రెండు పనులను ఒకే శబ్దమునకు అప్పగించినచో ఎవడు ఎవ్వనివాడో తెలియదు. పితృనామము ఇంటిపేరైనప్పుడు జరిగినది ఇదియే.

పేరుల ఈ పరంపరను రెంబ్రాంట్ చిత్రకారుని కుటుంబమున స్పష్టముగా చూడవచ్చును. ఆయన 1606లో లైడెన్ నగరమున పుట్టెను. సంపూర్ణనామము రెంబ్రాంట్ హార్మెన్స్‌జోన్ ఫాన్ రైన్. తండ్రి హార్మెన్ గెరిట్స్‌జోన్, తాత గెరిట్ రూలోఫ్స్‌జోన్. తరతరమునకు పితృనామము మాఱినది. రైన్ నదీతీరమున వారికున్న పిండిమర వలన వచ్చిన ఫాన్ రైన్ మాఱలేదు. అనంతరాపత్యమును వంశనామమును ఒకే మనుష్యుని పేరున ప్రక్కప్రక్కన నిలిచియున్నవి. తొలినాటి చిత్రములపై ఆయన తన పేరు, తండ్రిపేరు, ఊరిపేరుల తొలియక్షరములు మూటిని ముడివైచి వ్రాసెను. తరువాత ఒక్క రెంబ్రాంట్ అనియే వ్రాసెను. సోదరులలో గెరిట్ అనువానికి పితామహుని పేరు, విల్లెమ్ అనువానికి మాతామహుని పేరు వచ్చినవి. తల్లి నేల్ట్‌గెన్ విల్లెమ్స్‌దొఖ్తర్ గదా.

సాస్కియా యందు ఆయనకు 1635లో పుట్టిన కుమారునికి ఆమె తండ్రి పేరు, రొంబెర్టుస్ అని, పెట్టిరి. ఆ శిశువు బ్రదుకలేదు. 1638లో కుమార్తె పుట్టగా కొర్నేలియా అని పెట్టిరి. నేల్ట్‌గెన్ అనునది కొర్నేలియా శబ్దమునకు ముద్దురూపము. అనగా అది రెంబ్రాంట్ తల్లి పేరు. ఆ బిడ్డయు కొలదిదినములలో పోయెను. 1640లో మఱల కుమార్తె, మఱల కొర్నేలియా, ఆమెయు పోయెను. 1641లో కుమారుడు పుట్టెను. ఆ యేడే సాస్కియా సోదరి టిటియా మరణించియుండెను. ఆమె పేరును పుంలింగముగా మార్చి టిటుస్ అని పెట్టిరి. సాస్కియా మరుసటి యేడు చనిపోయెను. చాలకాలమునకు, 1654లో, హెండ్రిక్యె స్టోఫెల్స్ అను నామెయందు రెంబ్రాంట్‌కు కుమార్తె కలుగగా మూడవమాఱును కొర్నేలియా యను పేరే పెట్టబడెను. ఆమె బ్రదికినది.

ఈ వంశావళిని పేరులను మాత్రము చూచి వ్రాయువాడు ముగ్గురు కొర్నేలియాలను ఒక్కతెగా చేసి, 1638లో పుట్టినదే 1670లో వివాహమాడినదని వ్రాయుటకు అవకాశమున్నది. చనిపోయిన బిడ్డ పేరును తరువాత పుట్టిన బిడ్డకు పెట్టుట ఆ దేశమున నియతాచారము. అందుచేత జ్ఞానస్నానము కనబడగానే అదియే మన మనిషి యని నిశ్చయింపరాదు. ఆ తల్లిదండ్రులకు అదే పేర తరువాత మఱియొక జ్ఞానస్నానము లేదని తెలిసిన పిమ్మటనే నిశ్చయింపవలెను. తెలుగు ఇండ్లయందు పోయిన బిడ్డ పేరును తరువాతి బిడ్డకు పెట్టుటకు జంకుదురు. పోవునను భయముతో పెంటయ్య, పుల్లయ్య అని పెట్టుటయు కలదు. వారి యెడ పేరు ఋణము వంటిది. పితామహికి చెల్లింపవలసిన పేరు చెల్లలేదు గనుక మఱల పెట్టిరి. మొదటి భార్య చనిపోగా రెండవ పెండ్లి చేసికొన్నవాడు రెండవ భార్యకు పుట్టిన తొలి కుమార్తెకు మొదటి భార్య పేరు పెట్టుటయు ఈ దృష్టితోనే. ఆ పేరున్న కుమార్తెను చూచి, తల్లి మొదటి భార్యయే యని ఊహించువారు పొరపడుదురు.

కథ ఇంతటితో ముగియలేదు. టిటుస్ 1668లో మరణించెను. 1669లో ఆతనికి పుట్టిన కుమార్తెకు టిటియా యని పేరు. స్త్రీనామము పుంలింగమై, మఱల స్త్రీనామమైనది. ఆ యేడే రెంబ్రాంట్ గతించెను. బ్రదికిన కొర్నేలియా 1670లో వివాహమాడి భర్తతో జావాద్వీపమందలి బటావియాకు పోయెను. అచ్చట పుట్టిన ఇద్దఱు కుమారుల పేరులు 1673లో రెంబ్రాంట్, 1678లో హెండ్రిక్. తండ్రి పేరు, తల్లి హెండ్రిక్యె పేరు. ఆమె రెండును చెల్లించినది. బటావియా పుస్తకమున ఈ రెండు పేరులు తప్ప వేఱేమియు లేకున్నను, నియమమెఱిగినవాడు మాతామహులెవరో ఊహింపగలడు. అనుమానము ప్రమాణమగుటకు వ్యాప్తి దృఢముగా నుండవలెను. ఇచ్చట వ్యాప్తి నూటికి నూఱు పాళ్లుండదు గనుక, జ్ఞానస్నానమున సాక్షులుగా నిలిచిన వారెవరో కూడ చూడవలెను. ఏ పెద్ద పేరు బిడ్డకు పెట్టిరో ఆ పెద్దయే సాక్షిగా నిలుచుట తఱచు.

ఈ యాచారము వలన మఱియొక సంకటమును కలదు. యాన్ అనువానికి పీటర్, క్లాస్, దిర్క్ అను ముగ్గురు కొడుకులున్నారని దృష్టాంతముగా గ్రహింతము. ముగ్గురును తమ జ్యేష్ఠపుత్రులకు తండ్రిపేరు పెట్టుదురు. ఒకే ఊరిలో ముగ్గురు యాన్లు. యాన్ పీటర్స్‌జోన్, యాన్ క్లాస్‌జోన్, యాన్ దిర్క్స్‌జోన్ అని పితృనామమే వారిని వేఱుపఱచును. మఱుసటి తరమున ముగ్గురి కొడుకులును యాన్స్‌జోన్లే. అప్పుడు పితృనామము చాలదు; వృత్తియో, ఊరో, ఒడలి గుర్తో తోడుగా వచ్చి, అదియే క్రమముగా ఇంటిపేరగును. ఇంటిపేరులకు జన్మకారణము చక్రవర్తి శాసనము గాదు, ఈ చాలకపోవుటయే. నావికాధిపతి మిఖీల్ ఆడ్రియాన్స్‌జోన్ ద రూయ్టర్ తండ్రి ఆడ్రియాన్ మిఖీల్స్‌జోన్. తాతా మనుమల నడుమ రెండు పేరులే చక్రమువలె తిరుగుచుండగా, 1607లో పుట్టిన ఈ మనుమడు పెద్దవాడైన పిదప ఆశ్వికుడని యర్థము వచ్చు ద రూయ్టర్ అను పేరు వహించెను. అది మాతామహపక్షమున వచ్చినదని చరిత్రకారులందురు.

పితృనామ ముండుటను గూర్చి ఇంతదూరము విచారించిన పిదప, అది లేకుండుటను గూర్చియు విచారింపవలసి యున్నది. 17వ శతాబ్దమున కోరమాండల్ తీరమున కఱవులు వచ్చినపుడు వలందుల కంపెనీ మనుష్యులను కొని ఓడలపై బటావియాకు పంపెను. 1652లో ఆఫ్రికా దక్షిణాగ్రమున వారు స్థాపించిన కేప్ వలసకును ఇచ్చటినుండి బానిసలు చేరిరి. కేప్ పుస్తకములలో వీరి పేరులు ఒక క్రైస్తవ నామమును, దానిపై ఫాన్ శబ్దమును, ఒక తీరమును: ఫాన్ బెంగాలెన్, ఫాన్ మలబార్, ఫాన్ కోరమాండల్, ఫాన్ పలియకట్టె. ఉత్త తీరమని యర్థము వచ్చు ఫాన్ ద కుస్ట్ అనియు కలదు. ఆ తీరము మన తీరమే. యజమాని పేరు ప్రక్కన తండ్రిపేరుండును, ఈతని పేరు ప్రక్కన నుండదు. స్వతంత్రునకు ఫాన్ శబ్దము అభిజనమును చెప్పినది. ఈతనికి అది అభిజనమును గాదు, నివాసమును గాదు. ఓడ యెక్కించిన రేవును మాత్రము చెప్పుచున్నది. నెల్లూరి సీమలో పుట్టినవాడు ప్రళయకావేరి రేవున ఓడ యెక్కినచో ఆ రేవువాడే యగును. తల్లిదండ్రులు పెట్టిన పేరేదో ఆ పుస్తకమున వ్రాయలేదు. కొందఱికి కొన్న నెల పేరే పేరైనది. జనవరి, ఫిబ్రవరి, సెప్టెంబరు అను ఇంటిపేరులు నేటికిని అచ్చట నున్నవి.

శ్రాద్ధకర్మలో తండ్రి, తాత, ముత్తాతల పేరులను గోత్రముతో చెప్పి వసు రుద్రాదిత్య రూపులుగా భావింతుము. ప్రవరమున హోత భృగువు మొదలుగా దిగివచ్చుచు భార్గవ, చ్యావన, ఆప్నవాన, ఔర్వ, జామదగ్న్య అని అపత్యార్థక శబ్దములతో అగ్నిని సంబోధించును. అధ్వర్యువు జమదగ్నినుండి ఎక్కిపోవుచు వానివలె వీనివలె అని సాదృశ్యార్థకములతో చెప్పును. దిగుటయు ఎక్కుటయు రెండును కలిసిననే వంశము. వలందుల వంశావళులను వ్రాయువారును తండ్రినుండి కొడుకునకు దిగు పట్టికయు, కొడుకునుండి పూర్వులకెక్కు పట్టికయు వేఱువేఱుగా రచింతురు. ఈ ప్రవరాధ్యాయమును గూడ కలిగిన బౌధాయన శ్రౌతసూత్రమును తాళపత్రములనుండి శోధించి, 1904 మొదలు కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పక్షమున ప్రకటించిన పండితుడు విల్లెమ్ కాలాండ్ వలందు దేశీయుడే.

నేడు ఆ దేశమున హేగ్ నగరమందు 1945లో స్థాపితమైన వంశశాస్త్ర కేంద్రము ఈ పత్రములను భద్రపఱచుచున్నది. నామవ్యవహారమును అచ్చట నిలుకడగా లేదు. 1998 నుండి తల్లిదండ్రులు తమ బిడ్డకు తల్లి ఇంటిపేరునైనను ఎన్నుకొనవచ్చును. 2024 జనవరి 1 నుండి ఇద్దఱి పేరులను జోడించియు పెట్టవచ్చును. అచ్చట కాపురమున్న తెలుగువారి పత్రములందు చిక్కు వేఱు విధముగా నుండును. ఇంటిపేరు ముందు, స్వనామము వెనుక వ్రాయు మన వాడుకను ఆ దేశపు పత్రముల క్రమము తలక్రిందులు చేయును. పాస్‌పోర్టున ఇంటిపేరు గడి పూరించునపుడు స్వనామమే వంశనామ స్థానమున పడినచో, బిడ్డలకును అదే సంక్రమించి, తండ్రి స్వనామమే బిడ్డల ఇంటిపేరగును. నాలుగు శతాబ్దముల క్రిందటి యాన్ కొడుకునకు జరిగినదియు అదియే. వానికి జోన్ అను శబ్దమైనను తోడుండెను.